అవ్వను అడగకుండా ఇచ్చిన మేక

మా ఇంట్లో ఏ సంగతైనా అందరికంటే చివర తెలిసేది మా అవ్వకు. అవ్వ అంటే అమ్మే. మా వైపు తల్లిని అట్లాగే పిలుస్తాం, తండ్రిని బాపు అంటాం. బాపు ఏదో ఒకటి ఖాయం చేసేవాడు. ఆ సంగతి ఫ్యాక్టరీ గేటు దాటి, బజారు తిరిగి, మా క్వార్టర్ల నల్లా దగ్గర నీళ్లు పట్టే ఆడవాళ్ల నోళ్లలో నలిగి, ఆఖరుకు అవ్వ చెవిన పడేది. ఆమె బిందె కింద పెట్టి, "గట్లనా? నాకు దెల్వదే" అనేది. చిన్నప్పుడు ఆ మాట వింటే నాకు నవ్వొచ్చేది. పెద్దయ్యాక ఒళ్లు మండేది.

బాపు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో, చెరుకు యార్డులో పనిచేసేవాడు. సీజన్ మొదలైతే నిజాంసాగర్ కాలువ కింది ఊళ్లన్నిటి నుంచీ చెరుకు బండ్లు వచ్చి రోడ్డు పొడుగునా నిలబడేవి. ఏ బండి ముందు పోవాలి, ఏది ఆగాలి, ఏ ట్రాక్టరు పక్కకు తప్పుకోవాలి అని చెప్పడమే ఆయన ఉద్యోగం. రోజంతా ఎడ్లకూ మనుషులకూ దారి చెప్పి వచ్చిన మనిషి, సైకిలుకు స్టాండు వేసి ఇంట్లోకి రాగానే మారిపోతాడా? మమ్మల్ని కూడా బండ్లలాగే తోలేవాడు. నువ్వు ఈ బడికి, నువ్వు ఆ హాస్టలుకు, ఈసారి పండుగకు చందూర్ చిన్నాయన ఇంటికి. అందరం కదిలేవాళ్లం. అవ్వ కూడా కదిలేది, కాకపోతే ఎటు పోతున్నామో ఆమెకు బస్సెక్కాక తెలిసేది.

మంచివాడు కాదని అనను. తాగేవాడు కాదు, జీతం తెచ్చి అవ్వ చేతిలోనే పెట్టేవాడు. ఆమె మలేరియాతో పడుకున్నన్ని రోజులూ ఆమె చీరలు ఆయనే ఉతికి, క్వార్టర్ల ముందు తీగ మీద అందరికీ కనబడేటట్టు ఆరేశాడు. మగవాళ్లు నవ్వినా లెక్కచేయలేదు. ప్రేమ చూపించడంలో ఏ లోటూ లేదు. అడగడం ఒక్కటే ఆయనకు రాదు.

మా తమ్ముడి బాప్తిస్మం నాటి సంగతి ఇప్పటికీ మా చుట్టాల్లో చెప్పుకుంటారు. మాది మెథడిస్టు సంఘం. చంటిపిల్లలకే బాప్తిస్మం ఇస్తారు, అప్పుడే పేరు కూడా పిలుస్తారు. అవ్వ తన తండ్రి పేరు పెట్టుకోవాలని కడుపుతో ఉన్నప్పటి నుంచీ అనుకుంది, ఆ పేరుతోనే పొట్ట మీద చెయ్యి పెట్టి మాట్లాడేది. పాస్టరుగారు పిల్లవాడిని చేతుల్లోకి తీసుకుని ఏం పేరని అడిగితే, బాపు టక్కున ఇంకో పేరు చెప్పాడు. ఆ నిమిషం దాకా ఆయన మనసులో కూడా లేదేమో ఆ పేరు. నీళ్లు చల్లారు, ఆమేన్ అన్నారు, అయిపోయింది. అవ్వ ఆ పేరుతో వాడిని ఒక్కనాడూ పిలవలేదు. వాడికి ఇప్పుడు తల నెరిసింది, ఇంకా "చిన్నోడా" అనే పిలుస్తుంది.

నా పెళ్లి సంగతి అంతకంటే అన్యాయం. బాపు బోధన్ బస్టాండులో చాయ్ తాగుతూ పిల్లవాడి తండ్రితో మాట కలిపి, గ్లాసు కింద పెట్టేలోపల ఔననేశాడు. అవ్వకు ఆ సంగతి చెప్పింది బిలోలి వైపు నుంచి వచ్చి అంగట్లో కూరగాయలు అమ్మే మరాఠీ ఆమె. వంకాయలు తూస్తూ, "పోరీచం లగ్న ఠరలం మ్హణే" అందట. పిల్ల పెళ్లి కుదిరిందట కదా అని. అవ్వ వంకాయల సంచీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది. అదృష్టం కొద్దీ ఆ పిల్లవాడు మంచివాడే అయ్యాడు, అది వేరే మాట.

ఆ సాయంత్రం వాళ్లిద్దరి మధ్య నడిచిన మాటలు నేను తలుపు వెనక నిలబడి విన్నాను.

"నన్నొక్క మాట అడిగితే ఏమైతుండె?" అంది అవ్వ.

"అడిగితే వద్దందువా?"

"అననుగా."

"మరి అడుగుడెందుకే?"

 అవ్వ లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చుంది. నాకు మాత్రం బాపు మీద చెప్పలేనంత కోపం వచ్చింది. అవ్వకు కావలసింది ఔనా కాదా అని చెప్పే అధికారం కాదు. ఆయన ఒక్కసారి ఆగి, ఆమె వైపు తిరిగి, నువ్వేమంటావు అని అడగాలి. అంతే. ఆ ఒక్క ప్రశ్న కోసం ఆమె కాపురమంతా ఎదురుచూసింది.

తొంభైల చివరికి వచ్చేసరికి నేను నిజామాబాద్‌లో, ఖలీల్‌వాడిలో ఒక నర్సింగ్ హోమ్‌లో నర్సుగా ఉన్నాను. తమ్ముడు నందిపేట్‌లో బడి పంతులుగా చేరాడు. క్వార్టరులో ఇద్దరే మిగిలారు. అట్లాంటి రోజుల్లో వర్ని రోడ్డు మీద మందను తోలుకుపోతున్న గొల్లాయన ఒకడు, తల్లి చచ్చిపోయిన మేకపిల్లను ఇక బతకదని అవ్వ చేతిలో పెట్టిపోయాడు. తెల్లని పిల్ల, ఒక చెవి మాత్రం నలుపు. నా కొడుకు తాగి వదిలేసిన పాలసీసాతో అవ్వ దానికి పాలు పట్టింది. అది బతకడమే కాదు, బలిసింది. క్వార్టర్ల ముందు సాహెబులు పెట్టించిన క్రోటన్లన్నీ మేసింది. పక్కింటివాళ్ల లుంగీ సగం తిన్నది. అవ్వ రొట్టె చేస్తుంటే గడపలో నిలబడి మొదటి రొట్టె తనకు రావాలన్నట్టు అరిచేది. బాపు దాన్ని తిడుతూనే మెడకు గజ్జె కట్టాడు.

ఆ ఏడాది మేకపోతు ఎదిగి నిండుగా ఉంది. కోతల పండుగ దగ్గరికొచ్చింది.

కోతల పండుగ అంటే పంట ఇంటికొచ్చే వేళ మొదటి ఫలాలు దేవుడికి ఇచ్చే పండుగ. మా సంఘంలో దానికొక పద్ధతి ఉంది. పండుగకు కొన్ని వారాల ముందు, ఆదివారం ఆరాధన అయ్యాక, ఎవరేమిస్తారో లేచి నిలబడి చెప్పాలి. చెప్పిన క్షణం నుంచి అది దేవుడి సొత్తు. కోడైనా మేకైనా పండుగ దాకా మీరే మేపాలి, కానీ కోయకూడదు, అమ్మకూడదు, మాట వెనక్కి తీసుకోకూడదు. పండుగనాడు చర్చి ఆవరణలో అన్నిటినీ వేలం పాట పెడతారు. ఎవరైనా పాడొచ్చు, ఇచ్చినవాళ్లు కూడా. గెలిచినవాళ్లు ఇంటికి తీసుకుపోవచ్చు, లేదంటే అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయొచ్చు. తిరిగి ఇచ్చినదాన్ని మళ్లీ పాటకు పెడతారు. ఒక్క గుమ్మడికాయ పొద్దుగూకే దాకా చేతులు మారుతూ తిరిగిన పండుగలు నాకు గుర్తున్నాయి. అట్లా తిరిగి ఇచ్చేయడంలో మా బాపుకు పెద్ద పేరు.

ఆ ఆదివారం నేను బోధన్ వచ్చి ఉన్నాను, చర్చిలో అవ్వ పక్కన ఆడవాళ్ల చాప మీద కూర్చున్నాను. ఒకరు వడ్లన్నారు, ఒకరు పసుపన్నారు, ఒక ముసలాయన చెరుకు గడల మోపన్నాడు. బాపు లేచి తువాలు సర్దుకుని, "మా ఇంట్ల మేకపోతున్నది. గది దేవునికిస్తున్న" అన్నాడు. మగవాళ్లవైపు నుంచి స్తోత్రం అని వినిపించింది. ఆడవాళ్లందరూ ఒక్కసారి అవ్వ వైపు తిరిగారు.  ఆమె మోకాలి మీద ఉన్న బైబిలు మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ మూసింది.

ఇంటికొచ్చే దారిలో నేను ఆగలేకపోయాను. "అవ్వను అడిగినవా బాపు?"

"దేవునికిచ్చేటందుకు గూడ అడగాల్నా?" అన్నాడు. నిజంగా అర్థం కాక అన్నాడు. అందులో పొగరేమీ లేదు. అదే నాకు ఇంకా మంటెత్తించింది.

ఆ రోజు నుంచి అవ్వ ఆయనతో మాట్లాడటం మానేసింది. అరవలేదు, ఏడవలేదు, పుట్టింటికి పోలేదు. వంట చేసింది, బట్టలు ఉతికింది, మేకను మేపింది. దేవుడి సొత్తు కదా, మేపాలి. ఇంట్లో ఉన్నది ఇద్దరే కాబట్టి చెప్పవలసినవన్నీ మేకతో చెప్పేది. "ఓ బిడ్డా, మీ సారుకు చెప్పు, చాయ సల్లారిపోతున్నది." "ఓ బిడ్డా, గాసునూనె అయిపోయింది, మీ సారు తెస్తడో లేదో అడుగు." మేక ఆమె వైపు చూసేది, బాపు మేక వైపు చూసేవాడు. మొదట్లో ఆయన నవ్వాడు. తరువాతి వారం నేను పోయేసరికి నవ్వు పోయింది. చాయ్ గ్లాసు పట్టుకుని వాకిట్లో మేకకు ఎదురుగా కూర్చున్నాడు, పంచాయితీలో నిలబెట్టిన మనిషిలా.

"ఎన్నొద్దులు గిట్ల?" అని అవ్వను అడిగాను, ఆమె గిన్నెలు తోముతుంటే.

"మేక కోసం గాదు బిడ్డ" అంది. "ఇద్దమన్న ఇద్దును. దేవునికి నేనొద్దంటనా? పాలు పట్టి పెంచింది నేను. ఒక్క మాట నా దిక్కు జూసి అడగాలెనా వద్దా?" గొంతు తగ్గించింది. "పండుగనాడు నేనే పాడి తెచ్చుకుంట. మిషను కుట్టిన పైసలున్నయి. మీ బాపుకు జెప్పినవంటే సూడు."

చెప్పనని ఒట్టు పెట్టించుకుంది. నేను సంతోషంగానే పెట్టాను.

పండుగనాడు చర్చి ఆవరణలో షామియానా వేశారు. ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క ఆడవాళ్లు, మధ్యలో కూరగాయల కుప్పలు, కాళ్లు కట్టిన కోళ్లు, బెల్లం ముద్దలు, పసుపు కొమ్ముల సంచులు. మేక గుంజకు కట్టేసి ఉంది, ఎవరో మెడలో బంతిపూల దండ వేశారు. అది ఆ దండను మేస్తూ ఉంది. నేను వెనక బగారన్నం వడ్డించే దగ్గర ఉన్నాను. పాట మొదలయ్యే ముందు బాపు అన్నం గంజు పక్కకొచ్చి నిలబడ్డాడు. చుట్టూ చూసి, నా చెవి దగ్గర వంగాడు.

"బిడ్డా, గా మేకను నేను పాడిపిస్తున్న. ఇచ్చినోన్నే మల్ల పాడితే మంది నవ్వుతరని మా ఫ్యాక్టరీల ఫిట్టరు తమ్మునికి జెప్పిన. ఎంతకైన ఆగకు అన్న. మీ అవ్వకు జెప్పకు. ఇంటికి వొయినంక కట్టేసి సూపిస్త."

గరిటె నా చేతిలోనే ఆగిపోయింది. అవ్వ కూడా పాడబోతోందని చెబితే అక్కడితో అయిపోయేది. కానీ ఆ క్షణంలో నాకు ఆయనను చూస్తే జాలీ, కోపమూ రెండూ వచ్చాయి. ఈ మనిషి తప్పు దిద్దుకోవడం కూడా ఆమెను అడగకుండానే దిద్దుకుంటున్నాడు. నేను "సరే బాపు" అని అన్నం వడ్డించాను.

ఇక్కడ మా పాట సంగతి ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో ఆడవాళ్లు గొంతెత్తి పాడేవాళ్లు కాదు. చాప మీద అందరికంటే ముందు పాస్టరమ్మ కూర్చునేది. పాడాలనుకున్నవాళ్లు ఆమె వెనక చేరి వీపు మీద తడితే, పాస్టరమ్మ పాట పెంచేది. ఆమె ఎవరి తరఫున పాడుతోందో మగవాళ్లకు తెలిసేది కాదు. అవ్వ ఆ రోజు పొద్దున్నే వచ్చి సరిగ్గా ఆమె వెనక చోటు పట్టుకుంది.

కోళ్లు పోయాయి, గుమ్మడికాయలు పోయాయి, పసుపు పోయింది. మేక పాట వచ్చింది. మొదట నలుగురైదుగురు పాడారు. క్రిస్మసుకు కోసుకోవాలని చూసిన ఒక హోటలాయన కొంత దూరం వచ్చి చేతులెత్తేశాడు. ఇక మిగిలింది బాపుతో పనిచేసే ఫిట్టరు బాబాయి, పాస్టరమ్మ. బాబాయి ముందు వరుసలో నిలబడి, ప్రతిసారీ మెడ తిప్పి వెనక్కి చూసేవాడు. అక్కడ సైకిళ్ల దగ్గర బాపు తువాలును ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదికి మార్చేవాడు. పాడు అని సైగ. ఇటు పాస్టరమ్మ వీపు మీద అవ్వ చెయ్యి పడేది. తువాలు మారింది, వీపు మోగింది, తువాలు మారింది, వీపు మోగింది. పాట ఏ మేకా ఎన్నడూ చూడనంత పైకి పోయింది.

ముందుగా ఆడవాళ్లకు అర్థమైంది. వాళ్లకు అవ్వ చెయ్యీ కనబడుతోంది, దూరంగా బాపు తువాలూ కనబడుతోంది. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వు చాప మీద ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. తరువాత మగవాళ్లు అటూ ఇటూ చూడటం మొదలుపెట్టారు. పాట పాడించే సంఘ పెద్ద గొంతు వణికింది, నవ్వు ఆపుకుంటున్నాడు. తెలియనిది అవ్వకూ బాపుకూ మాత్రమే. ఆయన అవతల ఎవరో కలిగినింటి ఆమె పట్టు పట్టిందనుకుంటున్నాడు, ఈమె ఫిట్టరుకు ఇవాళ ఏం పిచ్చి పట్టిందని పళ్లు కొరుకుతోంది.

ఇంకో పాట పాడేసి, నవ్వులు ఎందుకో చూద్దామని ఫిట్టరు బాబాయి ఆడవాళ్ల వైపు తిరిగాడు. అవ్వను చూశాడు. రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు.

"అన్నా! ఇగ నాతోని గాదు. అవుతల పాడేది మా వదినెనే!"

 అవ్వ మెల్లగా తల తిప్పి సైకిళ్ల వైపు చూసింది. బాపు తువాలు ఇంకా చేతిలోనే ఉంది, ఏ భుజం మీదా లేదు.

"ఒకటోసారి" అన్నాడు సంఘ పెద్ద. పాస్టరమ్మ వెనక్కి తిరిగి చూసింది. అవ్వ చెయ్యి ఒళ్లో నుంచి లేవలేదు. "రెండోసారి. మూడోసారి." మేక బాపుదైంది.

ఇక పద్ధతి ప్రకారం అడగవలసిన మాట అడిగాడు. "తోల్కపోతరా అన్నా, మల్ల పాటకిస్తరా?"

అందరికీ బాపు సంగతి తెలుసు. మళ్లీ ఇచ్చేస్తాడు, గుమ్మడికాయ దగ్గర నుంచి గొర్రె దాకా ఆయన ఇంటికి తీసుకుపోయింది ఏనాడూ లేదు. ఆయన నోరు తెరవడం నేను చూశాను. ఇస్తున్న అనే మాట పెదవుల దాకా వచ్చింది. అక్కడ ఆగింది. బాపు తువాలు భుజాన వేసుకుని, మనుషుల మధ్య నుంచి నడుచుకుంటూ, కూరగాయల కుప్పలు దాటి, ఆడవాళ్ల చాప అంచు దాకా వచ్చాడు. మగవాళ్లెవరూ అటు రారు. అవ్వ ముందు నిలబడి, చెప్పులు విడిచి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏం జేద్దామంటవు?"

అవ్వ ఆయన ముఖంలోకి చూసింది. వారాల తరువాత ఆయనతో నేరుగా మాట్లాడిన మొదటి మాట ఇది:

"ఇనవడలే. జర గట్టిగ అడుగు."

ఆడవాళ్లు విరగబడి నవ్వారు. పాస్టరమ్మ కళ్లు తుడుచుకుంది. బాపు చెవులు ఎర్రబడ్డాయి. అయినా గొంతు సవరించుకుని, యార్డులో బండ్లను పిలిచే గొంతుతో, చర్చి గోడల దాకా వినబడేటట్టు అడిగాడు. "ఏం జేద్దామంటవే? ఇద్దామా, ఇంటికి తోల్కపోదామా?"

"ఇంటికి" అంది అవ్వ.

గరిటె పట్టుకుని నేను ఏడ్చాను. ఎందుకని ఎవరైనా అడిగితే ఉల్లిగడ్డలని చెప్పేదాన్ని, కానీ ఎవరూ నా వైపు చూడలేదు.

ఆ రోజు తరువాత బాపు అడగడం నేర్చుకున్నాడు. నేర్చుకోవడమంటే మామూలుగా కాదు. కొత్తగా సైకిలు నేర్చినవాడు వీధి వీధీ తిరిగినట్టు ప్రతిదీ అడిగేవాడు. ఇయ్యాల గడ్డం గీసుకోనా? టమాటాలు తేనా, బీరకాయలు తేనా? కిటికీ మూయనా? ఫ్యాక్టరీ చేతులు మారే రోజుల్లో ముందస్తు రిటైర్మెంట్ తీసుకోవాలా వద్దా అని కూడా ఆమెనే అడిగాడు. ఆమె తీసుకో అంది, తీసుకున్నాడు. ఎక్కడుందామని అడిగితే బిడ్డ దగ్గర అంది, నిజామాబాద్‌లో మా వీధిలోనే రెండు గదులు తీసుకున్నారు. అప్పటికి మేక ముసలిదై, ఒక ఎండాకాలం ప్రాణం విడిచింది. ఎక్కడ పూడ్చాలో కూడా అడిగి పూడ్చాడు.

"అడిగి అడిగి పాణం దీస్తున్నడు బిడ్డ" అని అవ్వ నాతో మొరపెట్టుకునేది. "నిన్న పెరుగు తోడెయ్యాల్నా అని అడిగిండు. పాలు ఉంటే తోడెయ్యరా?" తిడుతున్నట్టే చెప్పేది. కానీ ఆ చెప్పడంలో ఎంత సంబరం ఉండేదో! నా డ్యూటీ అయ్యాక పోతే ఇద్దరూ వరండాలో కూర్చుని ఉండేవాళ్లు. సీతాఫలాల కాలంలో గంప మధ్యలో పెట్టుకుని, ఏది పండిందో ఏది పండలేదో వాదించుకునేవాళ్లు. ఆయన ఒకటి నొక్కి చూసి ఆమె చేతికిచ్చేవాడు, ఆమె నొక్కి చూసి రేపటికి అని పక్కన పెట్టేది. ఆయన మారుమాట్లాడకుండా ఇంకొకటి అందుకునేవాడు. వాళ్ల కాపురంలో మంచి రోజులు ఏవని నన్నడిగితే ఆ వరండా రోజులే చెబుతాను.

అట్లా కొన్నేళ్లు గడిచాక బాపుకు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. నేనే మా డాక్టరుగారికి చూపించాను. గుండె రక్తనాళాలు మూసుకుపోయాయి, హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించాలి అన్నారు ఆయన. చేయించకపోతే ఎక్కువ కాలం ఉండడు. చేయిస్తే, ఈ వయసులో, లేస్తాడని గట్టిగా చెప్పలేం. ఆయన దాపరికం లేకుండా చెప్పారు, నేను దాపరికం లేకుండా ఇంట్లో చెప్పాను.

బాపు అంతా విని అవ్వ వైపు తిరిగాడు. "ఏమంటవు? చేయించుకోవాల్నా?"

 అవ్వ చేతిలో ఉన్న చాట కింద పెట్టింది. బియ్యంలో రాళ్లు ఏరుతోంది అప్పుడు. ఎన్నేళ్లు ఎదురుచూసిందో ఆ ప్రశ్న కోసం, అది వచ్చి వచ్చి ఇట్లా వచ్చి నిలబడింది ముందర.

"నన్నెందుకడుగుతవు?" అంది చివరికి. "నువ్వే జెప్పు. నీ పాణం."

"నేను నిన్ను అడుగుతున్న" అన్నాడు బాపు.

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు నర్సువు గదా. నువ్వు జెప్పు." నాకు తెలిసిందంతా అప్పటికే చెప్పేశాను. తమ్ముడికి ఫోన్ చేస్తే మీ ఇష్టం అన్నాడు.  అవ్వ ఆ రోజంతా వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. అన్నం పెడితే తినలేదు. బాపు రెండోసారి అడగలేదు. ఒత్తిడి చేయకుండా దూరంగా పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు, పేజీ మాత్రం తిప్పలేదు.

మర్నాడు పొద్దున చాయ్ ఇస్తూ చెప్పింది. "చేయించుకో. పోదాం."

"సరే" అన్నాడు బాపు. చాయ్ తాగి, ఏ అంగీ వేసుకోవాలో అడిగాడు.

ఆపరేషన్ జరిగింది. బాపు లేవలేదు. కొన్ని రోజులు గాజు తలుపు ఇవతల నిలబడి చూశాం, ఆ తరువాత అది కూడా లేదు. బోధన్ తీసుకొచ్చి మా వాళ్ల సమాధుల పక్కనే పెట్టాం.

జ్ఞాపకార్థ కూడికకు చందూర్ నుంచి, నందిపేట్ నుంచి చుట్టాలొచ్చారు. ప్రార్థన అయింది, భోజనాలయ్యాయి. వక్కలు నములుతూ మా చిన్నాయన, బాపు తమ్ముడు, బాధలోనే అన్నాడు. "గీ వయసుల గుండె కోసుడేంది? నాలుగొద్దులు ఇంటికాడ బతుకుతుండె గదా. ఎవలు జెప్పిండ్రు గా మాట?"

  అవ్వ మీదికి ఆ మాట పోకూడదని, "డాక్టరే..." అని మొదలుపెట్టాను. అదే సమయంలో తమ్ముడు "నేనే అన్న చిన్నాయినా" అన్నాడు. ఇద్దరం అబద్ధమే ఆడుతున్నాం.

గోడ పక్కన కూర్చున్న అవ్వ తలెత్తింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. కొంగుతో ముఖం తుడుచుకుని మమ్మల్నిద్దరినీ చేత్తోనే ఆపింది. మరిదిని చూసి, అందరూ వినేటట్టు చెప్పింది.

"నేను జెప్పిన. ఆయనంతల ఆయన పోలే. నన్ను అడిగిండు."